ఆర్థరు కొలువులో శీలపరీక్షలు

మధ్యయుగమునాటి ఐరోపా కథలలో ఒక కొమ్ము కలదు. అది ఊదు కొమ్ము కాదు. పానపాత్రగా వాడు కొమ్ము. దంతముతో చేసినది. బంగారు పట్టీలు వేసి, రత్నములు పొదిగి, చుట్టును నూరు చిరుగంటలు కట్టినది. వ్రేలితో తట్టినంతనే ఆ గంటలు వీణానాదమును మరపించునట్లు మ్రోగునట. ఐనను దాని మహిమ ఆ మ్రోతలో లేదు. అందులో ద్రాక్షాసవము నింపి త్రాగబోవు పురుషుని భార్య ఎన్నడైనను, ఒక్క తలపులోనైనను, పరపురుషుని కోరియుండినచో ఆ ఆసవము వాని నోటికి అందక మీద ఒలికిపోవును. ఒక పెంతెకొస్తు పండుగనాడు నిండు కొలువులో ఆర్థరు మహారాజు ఈ కొమ్మును చేతికి తీసికొనెను. ఆసవము ఆయన మీదుగా పాదములదాక కారెను.

రాజు ప్రక్కనే రాణి కూర్చుండియుండెను. ఎదుట సామంతులు, వీరులు, దొరసానులు, వడ్డించువారు అందరు చూచుచుండిరి. తరువాత ఏమి జరుగవలెను? ఈ ప్రశ్నకు మధ్యయుగ కవులు ఒక్కరీతిగా సమాధానము చెప్పలేదు. వారి సమాధానములను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూచినచో, ఆనాటి రాజాస్థానములు తమలో తాము దేనికి భయపడుచుండెడివో కొంత తెలియగలదు. నేటి మన ప్రసంగమునకు అదియే విషయము.

ఆర్థరు అను రాజు నిజముగా ఉండెనా లేదా అను వివాదములోనికి మనము పోనక్కరలేదు. ఉండినచో ఆయన క్రీస్తుశకము 5, 6 శతాబ్దముల నాటి బ్రిటనువాడు. సమకాలికులు ఆయనను గురించి వ్రాసిన చరిత్ర ఏదియు మనకు దక్కలేదు. ఆయనను ఐరోపా ఖండమెల్ల ఎరిగిన చక్రవర్తిగా నిలిపినది మాన్మత్ వాసియైన జెఫ్రీ 1136 ప్రాంతమున లాటిను భాషలో వ్రాసిన బ్రిటను రాజుల చరిత్ర. 1155లో వేస్ అను కవి ఆ గ్రంథమును ఫ్రెంచి పద్యములలోనికి తెచ్చుచు, ఎవరి ఆసనము ముందు, ఎవరిది వెనుక అని సామంతులు కలహింపకుండుటకై ఆర్థరు ఒక గుండ్రని బల్ల చేయించెనని చేర్చెను. అటు తరువాత ఒక తరములోనే క్రెటియాన్ ద త్రువా అను ఫ్రెంచి కవి ఎరెక్, లాన్సెలాట్, ఇవేన్, పెర్సివాల్ అను వీరుల కథలను రచించెను. లాన్సెలాట్ కథకు వస్తువు నిచ్చి వ్రాయించినది షాంపేను కౌంటెస్ మేరీ. పెర్సివాల్ కథను వ్రాయించినవాడు ఫ్లాండర్సు కౌంటు ఫిలిప్పు. ఈ ఫిలిప్పును గురించి మరల చెప్పుకొందము. ఇవి యెల్ల కొలువులలో, కొలువుల కొరకు చదువబడిన కథలు. కావున చరిత్ర చదువువారికి ఇవి ఆర్థరును గురించి చెప్పునది స్వల్పము. వానిని వినుచు కూర్చుండినవారిని గురించి చెప్పునది అధికము.

ఆ కూర్చుండినవారి జీవితమెట్టిది? నాటి రాజు గాని, గొప్ప ప్రభువు గాని ఒకచోట కుదురుగా నుండువాడు కాడు. పరివారముతో, పెట్టెబేడలతో కోటనుండి కోటకు తిరుగుచుండును. క్రిస్మసు, ఈస్టరు, పెంతెకొస్తు వంటి మహాపర్వములకు మాత్రము సామంతులను పిలిపించి నిండు కొలువు తీర్చును. కొలువుకూటమొక్కటే పెద్దగది. అందులోనే భోజనము, అందులోనే న్యాయవిచారణ, అందులోనే గానము, వినోదము. రాత్రియైనంతనే బల్లలు తీసివేసి పలువురు అచ్చటనే పడుకొందురు. ఏకాంతమన్నది ప్రభువునకు సయితము అరుదు. ఎవరు ఎవరి సరసన కూర్చుండిరో, ఎవరి చేతినుండి పానపాత్ర ఎవరి చేతికి పోయెనో, ఎవరికి ఎట్టి వస్త్రము బహుమానముగా వచ్చెనో వేయి కన్నులు చూచుచుండును. పండుగలకు పరివారమునకు వస్త్రములు పంచుట ప్రభువు ధర్మము. ఒకే పాత్రనుండి త్రాగుట స్నేహమునకు గుర్తు. మనము చెప్పుకొనబోవు కథలలో పరీక్ష ఒక పానపాత్ర రూపముననో, ఒక వస్త్రము రూపముననో వచ్చుట కేవలము కవి ఊహ కాదని మాకు తోచుచున్నది. కొలువులో అందరి చేతులలో తిరుగు వస్తువులు అవియే కదా.

ఇక ఆ కొలువులో పెండ్లికాని యువకులు పలువురు. ఆస్తి జ్యేష్ఠునికి పోవు కుటుంబములలో తమ్ములైనవారు గుఱ్ఱమును, కత్తిని వెంట గొని ఒక ప్రభువు నాశ్రయింతురు. వారే నైటులు. ఏదో ఒకనాడు ఆ ప్రభువు దయవలన ఒక భూమియు, ఒక భార్యయు లభించునని వారి ఆశ. అందాక వారి కన్నులయెదుట నుండు గొప్ప స్త్రీ ప్రభువు భార్య యొక్కతెయే. ఆమె ఉంగరమిచ్చినచో గౌరవము. పలుకరించినచో పదిమందిలో విలువ. ఆమె అట్లు ఇచ్చుచు, పలుకరించుచు నుండవలెను; అది కొలువు మర్యాద. కాని ఆమె కడుపున పుట్టువాడే రాజ్యమునకు వారసుడు. ఏది ఔదార్యమో, ఏది అంతకు మించినదో చూచువారికెట్లు తెలియును? కొలువునకు శోభ తెచ్చు ఆ చిరునవ్వే కొలువునకు భయమును తెచ్చుచుండెను.

మన కొమ్ము కథను 12వ శతాబ్దము చివరి భాగమున రాబర్ట్ బికే అను ఆంగ్లో-నార్మను కవి వ్రాసెను. చిన్న కావ్యము. దానికి ఒక్కటే వ్రాతప్రతి నిలిచి, ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయములో నున్నది. కథ ఇది. ఆర్థరు కెర్లియన్ నగరములో పెంతెకొస్తు విందు చేయుచుండగా మొరేను రాజైన మాంగాను పంపిన ఒక చక్కని పడుచువాడు ఆ కొమ్మును తెచ్చి రాజున కర్పించి, గంటలు మ్రోగించెను. ఆ నాదమునకు కొలువెల్ల పరవశించి తినుట మరచెను. కొమ్ముమీద ఏవో అక్షరములు కలవు. రాజు ఆస్థాన పురోహితుని పిలిచి చదువుమనెను. ఆయన చూచి నవ్వి, ఇది పదిమందిలో చదువదగినది కాదని రాజుతో చెప్పెను. రాజు వినలేదు. అప్పుడు పురోహితుడు బిగ్గరగా చదివెను: ఒక ఈర్ష్యగల యక్షిణి ఈ కొమ్మునకు శాపము పెట్టినది, భార్యచే వంచితుడైనవాడు గాని, భార్యను అనుమానించువాడు గాని, తన భార్య మనసు ఒక్కమారైనను అన్యునివైపు పోయినవాడు గాని దీనినుండి త్రాగజాలడు.

ఇచ్చట మనమొక క్షణమాగవలెను. ఆ అక్షరములలో అనుమానించు మగవానికి కూడ శిక్ష యున్నది. కొమ్ము ఒలికినచో తప్పు భార్యదే కానక్కరలేదు. భర్త మనసులోని అసూయయే ఆసవమును ఒలికింపవచ్చును. కాని ఆ భాగము కొలువులో నెవ్వరికిని వినబడినట్లు లేదు. స్త్రీలందరు తలలు వంచుకొనిరి. పురుషులందరు స్త్రీలవైపు చూచిరి.

రాజు త్రాగబోయెను, తడిసెను. వెంటనే చేత కత్తి తీసికొని రాణిమీదికి పోయెను. గవేను, ఇవేను మొదలగువారు అడ్డుపడి ఆ కత్తిని లాగుకొనిరి. రాణి భయపడి కాళ్లపైబడలేదు. నిప్పు రాజేయించుడు, అందు దూకెదను, నా వెంట్రుక ఒక్కటి కాలినను గుఱ్ఱములచేత ఈడ్పించుడు అనెను. కొమ్ము నిజమే చెప్పినదనియు చెప్పెను. ఏమనగా, రాక్షసాకారుని ఒకనిని చంపిన ఒక పడుచువీరుని కొలువులోనే నిలుపుకొనవలెనని ఆమె అతని కొక ఉంగరమిచ్చినది. అంతే, అంతకుమించి ఏమియు లేదు. రాణి ఔదార్యము, అనగా ఆమె చేయవలసిన పనియే, ఆ కొమ్ము లెక్కలో దోషమైనది! సీతాదేవి అగ్నిప్రవేశఘట్టము ఇచ్చట మన శ్రోతలకు స్మరణకు రాకపోదు. కాని అచ్చట పరీక్ష సాగినది, ఇచ్చట సాగలేదు. బికే కవి కథను మరియొక త్రోవకు మలపెను.

రాజు కోపముతో, నేనొక్కడనే తడియవలెనా, అందరు త్రాగుడు అని ఆజ్ఞాపించెను. విందుకు వచ్చిన రాజులొక్కొక్కరు కొమ్ము నెత్తిరి, ఒక్కొక్కరు తడిసిరి. స్కాట్లండు రాజు, కార్నువాలు రాజు, లోత్ రాజు, ఐర్లండునుండి వచ్చిన వారు, ఎవ్వరును మిగులలేదు. తనవలె అందరును తడిసియుండుట చూచి ఆర్థరు నవ్వసాగెను. కోపము పోయెను. రాణిని క్షమించి ముద్దిడెను. చిట్టచివర కెరడాక్ అను వీరునికి పాత్ర వచ్చెను. భయపడక త్రాగుమని భార్య ధైర్యము చెప్పగా అతడు చుక్క యొలుకకుండ త్రాగెను. రాజు అతనికి సైరెన్‌సెస్టర్ పట్టణమును బహుమానముగా నిచ్చెను. ఆ కొమ్మును ఇప్పటికిని అచ్చట చూడవచ్చునని కవి తన శ్రోతలకు చెప్పుచున్నాడు. మన పురాణశ్రవణములలో, ఆ రాయి ఇప్పటికిని ఆ కొండమీద నున్నదని చెప్పినట్లు!

రాజు నవ్వుటకు కారణము రాణి నిర్దోషియని తేలుట కాదు. తన అవమానమును పంచుకొనువారు దొరకుట. ఆయనను బాధించినది భార్య మనసు కాదు, పదిమంది చూచుచుండగా తాను తడియుట. పదిమందియు తడిసిన తరువాత ఆ బాధ లేదు. కొలువు నైజమును ఇంతకంటె నిర్దయగా చెప్పుట కష్టము. ఐనను బికే దానిని విందు వేళ నవ్వుచు వినదగిన కథగా చెప్పెను. ఆ వినువారిలో ఎందరు తమ ప్రక్కనున్న భార్యలవైపు చూచిరో!

ఇట్టిదే అంగీ కథ. ఇది 12వ శతాబ్దము చివరనో, 13వ శతాబ్దము మొదటనో ఫ్రెంచిలో పుట్టెను. కవి పేరు తెలియదు. ఈ కథలో ఆర్థరు పండుగనాడు ఒక వింత చూచిననే గాని భోజనము చేయడు. అందరు ఆకలితో కాచుకొని యుండగా ఒక పడుచువాడు వచ్చి చిన్న సంచినుండి అపూర్వమైన పైఅంగీ నొకదానిని తీసెను. అది ఏ స్త్రీకి సరిపోవునో ఆమెకే దక్కును. భర్తకుగాని ప్రియునికిగాని ద్రోహము తలపెట్టిన స్త్రీకి అది పొట్టియో, పొడుగో అగును. రాణికి ఆ రహస్యము చెప్పక ముందుగా తొడిగించిరి. ఆమెకు పొట్టియయ్యెను. అప్పుడు రహస్యము బయటపెట్టిరి. ఇక దొరసానులలో ఒక్కరును ముందునకు రాలేదు. కాని రాజాజ్ఞ. ఒకరి తరువాత ఒకరు తొడుగుకొనవలసి వచ్చెను. కే అను భోజనశాలాధికారి, కొలువులో అందరిని ఎత్తిపొడుచు నోటివాడు, ప్రతివారి అంగీ ఏ వైపు ఎంత కురుచయైనదో చూపి, దానికి తగిన పరిహాసము లాడుచుండెను. తన ప్రియురాలి వంతు వచ్చినప్పుడు మాత్రము అతని నోరు మూతపడెను. ఆమెకు అంగీ అందరికంటె పొట్టి.

ఈ కథలోను కెరడాక్ వచ్చును. అతని ప్రియురాలు జబ్బుపడి గదిలో పడుకొనియుండగా ఆమెను పిలిపించిరి. కెరడాక్ ఆమెతో చెప్పిన మాట ఈ కథలన్నిటిలోను మాకు మిక్కిలి నచ్చినది. నీకేమాత్రము సందేహమున్నను దీనిని తొడుగుకొనవలదు. నిన్ను నేనెంతో ప్రేమించుచున్నాను. నిజము తెలిసి నిన్ను పోగొట్టుకొనుటకంటె తెలియకుండుటయే నాకు మేలు అని అతడు వేడుకొనెను. నిండు కొలువులో పరీక్షను వలదన్న మగవాడు అతడొక్కడే. అంగీ ఆమెకు సరిగా అమరెను. పరీక్షలో నెగ్గినది స్త్రీయే కావచ్చును. కాని కథ అల్లినవాడు ఆమెకు ప్రియునిగా పరీక్ష కోరనివానిని ఏరి నిలిపెను. బికే కొమ్ముమీద అనుమానపు మగవానిని గురించి వ్రాసిన అక్షరములకు ఈ మాట జవాబువలె నున్నది.

ఈ కథలు ఎంతదూరము ప్రయాణము చేసెనో చూచిన ఆశ్చర్యము కలుగును. నార్వే రాజు హాకన్ హాకొనార్సన్ ఆజ్ఞచే అంగీ కథ నార్సు భాషలోనికి అనువదింపబడి, తరువాత ఐస్లండు వ్రాతప్రతులలో నిలిచెను. 1194లో సింహహృదయుడైన రిచర్డు విడుదలకై జామీనుగా జర్మనీకి పోయిన హ్యూ ద మార్విల్ అను నార్మను దొర తనతో ఒక ఫ్రెంచి పుస్తకమును తీసికొనిపోయెను. దానినే ఆధారము చేసికొని ఉల్రిక్ అను జర్మను కవి లాన్సెలాట్ కథను వ్రాసెను. అందును అంగీ పరీక్ష కలదు. ఇంగ్లండులో ఈ కథ జానపద గేయమై మిగిలెను. ఆ గేయమును 1765లో బిషప్ పెర్సీ అచ్చువేయించెను. అది యున్న పాత వ్రాతపుస్తకమును ఒక స్నేహితుని ఇంట పనికత్తెలు కాగితములు చించి పొయ్యి రాజేయుచుండగా తాను చూచి కాపాడితినని ఆయనయే వ్రాసినాడు. ఆ గేయములో కెరడాక్ భార్యకు అంగీ కాలి బొటనవ్రేలివద్ద ముడుతపడును. పెండ్లికి ముందు కెరడాక్‌నే ఒకమారు ముద్దుపెట్టుకొంటినని ఆమె ఒప్పుకొన్న వెంటనే ముడుత పోవును. పల్లెజనము ఆ అంగీ కాఠిన్యమును ఇట్లు కొంత సడలించిరి.

కథలలో నవ్వుతో ముగిసిన ఈ వ్యవహారము నిజమైన కొలువులలో ఎట్లు ముగిసెను? పైన చెప్పిన ఫ్లాండర్సు కౌంటు ఫిలిప్పు కొలువులో 1175లో గాతియే ద ఫాంతెన్ అను నైటునకును, కౌంటు భార్య యెలిజబెత్తునకును సంబంధమున్నదని అనుమానము పుట్టెను. ఫిలిప్పు ఆ నైటును గదలతో కొట్టించి, మురుగుగుంటలో తలక్రిందులుగా వ్రేలాడదీయించి చంపించెను. ఆ తరువాత భార్య పుట్టింటి వర్మాందువా రాజ్యము మీద ఫిలిప్పు పట్టు మరింత బిగిసెనని చరిత్రకారులు చెప్పుదురు. ఈ ప్రభువు కొరకే కొన్ని యేండ్ల తరువాత క్రెటియాన్ పెర్సివాల్ కథను వ్రాయ మొదలిడి, దానిని ముగింపకయే విడిచెను. ఆ గ్రంథము మొదట ఫిలిప్పును కవి ఎంతయో కొనియాడినాడు. కొలువుకవి బ్రతుకు అట్టిది.

1182లో ఇంగ్లండు యువరాజు హెన్రీ పరివారములో విలియం మార్షల్ అను ప్రసిద్ధ వీరునిమీద ఇట్టి అపవాదే వచ్చెను. యువరాణి మార్గరెట్‌తో అతని పేరు కలిపి గిట్టనివారు చెవులు కొరికిరని, 1220ల దశకములో వ్రాయబడిన అతని జీవితకావ్యము చెప్పుచున్నది. ఆ యేటి క్రిస్మసుకు కేన్ నగరములో పెద్దరాజు హెన్రీ కొలువు తీర్చియుండగా మార్షల్ వచ్చి, నిందించినవారిలో ముగ్గురితో వరుసగా మూడు దినములు పోరాడెదను, ఓడినచో ఉరితీయుడు అనెను. కావలసినచో తన కుడిచేతి వ్రేలొకటి కోసివేసిన తరువాతనే పోరాడుదుననెను. ఎవ్వరును ముందునకు రాలేదు, రాజును సమ్మతింపలేదు. నింద నిరూపింపబడలేదు, తొలగింపబడనులేదు. మార్షల్ కొలువు విడిచిపోయెను.

అంతకంటె ఘోరమైనది 1314లో ఫ్రాన్సులో జరిగినది. నాల్గవ ఫిలిప్పు రాజునకు ముగ్గురు కోడండ్రు. వారిలో మార్గరీత్, బ్లాంష్ అను ఇద్దరు దోనే వంశపు నైటులైన ఇద్దరు అన్నదమ్ములతో తప్పు చేసిరని తేల్చిరి. మూడవ కోడలు జాన్ ఎరిగియు దాచెనని నింద. రాజకుమార్తెయు, ఇంగ్లండు రాణియునైన ఇజబెల్లా తాను వదినెలకు బహూకరించిన కుట్టుపని సంచులు ఆ నైటుల నడుములకు వ్రేలాడుచుండగా గుర్తించెనని ఒక కథనము కలదు. ఒక వస్త్రపుముక్క సాక్ష్యమాయెనన్న మాట! నైటులిద్దరిని పాంత్వాజ్ పట్టణములో చిత్రవధ చేసిరి. మార్గరీత్‌ను గయ్యార్ కోటలో బంధింపగా ఆమె 1315లో అచ్చటనే మరణించెను. జాన్ ఒక్కతె నిర్దోషిగా విడుదలయయ్యెను. మార్గరీత్ కుమార్తె చిన్నపిల్ల. తండ్రి పదవ లూయీ రాజు 1316లో మరణించిన తరువాత ఆ పిల్లకు సింహాసనము దక్కలేదు, పినతండ్రికి పోయెను. ఆమె పుట్టుకను గురించిన సందేహము కూడ అందుకొక కారణమని చెప్పుదురు. ఇట్టి కాలములో, ఇట్టి కూటములలో కూర్చుండి కొమ్ము కథను వినినవారు నవ్విరనగా, ఆ నవ్వు తేలికదని మేమనుకొనము.

ఈ కాలముననే దైవపరీక్షలమీద నమ్మకము సడలుచుండెను. ట్రిస్టను, ఇసోల్టుల కథ ఆర్థరు కథలతో అల్లుకొనిపోయినది. 1210 ప్రాంతమున గాట్‌ఫ్రీడ్ అను జర్మను కవి వ్రాసిన కథలో ఇసోల్టు రాణి ఎఱ్ఱగా కాచిన ఇనుము పట్టుకొని తన శీలమును నిరూపింపవలెను. ఆమె ముందుగానే ట్రిస్టనును యాత్రికుని వేషముతో రప్పించి, పడవనుండి తన్ను ఎత్తుకొని దించుమని, దించుచు తనతో కూడ పడుమని చెప్పెను. ఆ మీద, నా భర్తయు, ఇప్పుడు నాతో పడిన ఈ యాత్రికుడును తప్ప అన్యపురుషుడెవ్వడును నా కౌగిట లేడని ప్రమాణము చేసి ఇనుము పట్టెను. చేయి కాలలేదు. ఇట్టి పరీక్షలో దైవమును ఎటు కావలెనన్న అటు వంచవచ్చునని కవి అచ్చటనే చురక వేసెను. బెరూల్ అను మరియొక కవి కథలో ఇట్టి ప్రమాణమునకు సాక్షిగా కూర్చుండినవాడు ఆర్థరు రాజే. 1215లో రోములోని లాటెరన్ మహాసభ మతాధికారులు ఇట్టి పరీక్షలకు ఆశీర్వచనము చేయరాదని నిషేధించెను. నాలుగేండ్లకు ఇంగ్లండు న్యాయస్థానములు వానిని విడిచిపెట్టెను.

ఆ మార్పు జాడ రెండు శతాబ్దముల తరువాతి గ్రంథమున కనబడును. సర్ థామస్ మాలరీ 1469-70 నాటికి ముగించి, 1485లో కాక్స్‌టన్ అచ్చువేసిన ఆర్థరు కథాసంపుటిలో ఆ కొమ్ము మరల ప్రత్యక్షమగును. ఈమారు పంపినది ఆర్థరు సోదరియైన మాంత్రికురాలు మోర్గన్. ఉద్దేశము గినివీరు రాణిని అవమానించుట. లామొరాక్ అను నైటు దూతను దారిలో ఆపి, ట్రిస్టను మీది కసితో కొమ్మును కార్నువాలు రాజు మార్కు వద్దకు మళ్లించెను. అచ్చట నూరుమంది స్త్రీలు త్రాగగా నలుగురు మాత్రమే నెగ్గిరి. మార్కు రాజు ఇసోల్టుతో కూడ తక్కినవారినెల్ల కాల్చివేయుదునని ఒట్టు పెట్టుకొనెను. అప్పుడు సామంతులు కూడి, మంత్రగత్తె చేసిన కొమ్మును నమ్మి మా స్త్రీలను కాల్చనీయమని స్పష్టముగా చెప్పిరి. రాజు ఆజ్ఞ అంతటితో ఆగెను. బికే కథలో కొలువు నవ్వెను. ఇచ్చట కొలువు ఎదురుతిరిగెను. సాక్ష్యమును పరీక్షింపక మనిషిని పరీక్షించుట చెల్లదని అనుటకు ఎవరో ఒకరు లేచి నిలువవలసి వచ్చినది. ఆ లేచినవారి భార్యలును ఆ నూరుమందిలో నుండిరన్నది వేరుమాట.

ఇంతసేపు చెప్పిన పరీక్షలలో ఒకటి గమనింపదగినది. కొమ్ము మగవాని చేతికి వచ్చినను తూచునది స్త్రీ శీలమునే. మన కథాసరిత్సాగరములో గుహసేనుడు, దేవస్మిత అను దంపతుల కథ కలదు. సాతవాహనుని కొలువులో గుణాఢ్యుడు కూర్చెనని ప్రసిద్ధికెక్కిన బృహత్కథను సోమదేవుడు 11వ శతాబ్దమున కాశ్మీరరాణి సూర్యవతి కొరకు సంస్కృతీకరించిన గ్రంథమది. అందు భర్త దూరదేశము పోవుచుండగా శివుడు ఇద్దరికి రెండు ఎఱ్ఱకలువల నిచ్చును. ఎవరు తప్పినను ఎదుటివారి చేతిలోని పువ్వు వాడును. పరీక్ష ఇద్దరికిని సమానము. ఆర్థరు కొలువులో అట్టి పువ్వు లేదు. ఐనను ఒక కవి మగవానిని పరీక్షకు నిలిపెను.

ఆయన పేరు మనకు తెలియదు. 14వ శతాబ్దము చివర ఇంగ్లండు వాయవ్యప్రాంతపు మాండలికములో సర్ గవేను, ఆకుపచ్చ నైటు అను కావ్యమును వ్రాసెను. దాని ఏకైక వ్రాతప్రతి 1731లో కాటన్ గ్రంథాలయమునకు నిప్పంటుకొన్నప్పుడు బూడిద కాకుండ మిగిలి, 1839లో మొదటిసారి అచ్చయ్యెను. క్రొత్తసంవత్సరపు విందులో ఆర్థరు తన వాడుక చొప్పున వింతకై కాచుకొనియుండగా, ఒడలెల్ల ఆకుపచ్చనైన ఒక మహాకాయుడు గుఱ్ఱముమీద కూటములోనికి వచ్చి, నా తల నరుకుడు, ఏడాదికి మరల నేను నరికెదను అని సవాలు చేసెను. గవేను నరికెను. ఆతడు తెగిన తలను చేతబట్టుకొని వెడలిపోయెను.

ఏడాది నిండుచుండగా గవేను ఆతనిని వెదకుచు పోయి ఒక కోటలో అతిథియయ్యెను. కోట యజమాని, పగటివేళ తాను వేటలో గడించినది గవేనునకును, కోటలో గవేను గడించినది తనకును ఇచ్చిపుచ్చుకొనవలెనని ఒప్పందము చేసికొనెను. మూడు దినములు యజమాని వేటకు పోగా అతని భార్య గవేను పడకగదికి వచ్చి మాటలతో వలవేసెను. గవేను స్థితి ఎంత చిక్కైనదో చూడుడు. ఆమెను కాదన్నచో కొలువు మర్యాదకు లోపము. ఔనన్నచో ఉప్పు తినిన ఇంటికి ద్రోహము. ఇంతవరకు రాణులు ఏ ఇరుకులో నిలిచిరో ఆ ఇరుకులో ఈమారు మగవాడు నిలిచెను. అతడు మాటనేర్పుతో తప్పించుకొని, మొదటి దినము ఒక ముద్దు, రెండవ దినము రెండు, మూడవ దినము మూడు మాత్రము పొంది, వానిని సాయంకాలము యజమానికి మరల ముద్దుల రూపముననే చెల్లించెను. లేడికి, అడవిపందికి, నక్కకు బదులు ముద్దులు! కాని మూడవ దినము ఆమె, ధరించినవాని ప్రాణమునకు హాని రాదని చెప్పి, ఒక ఆకుపచ్చ నడికట్టు నిచ్చెను. దానిని గవేను దాచెను. చావు భయము.

ఆకుపచ్చ నైటు ఆ యజమానియే. రెండుమార్లు గొడ్డలి ఎత్తి ఆపి, మూడవమారు మెడమీద చిన్న గాటు పెట్టి విడిచెను. నీవు కామముచేత దాచలేదు, ప్రాణముమీది తీపిచేత దాచితివి. నిన్ను తప్పు పట్టను అనెను. గవేను సిగ్గుతో ఎఱ్ఱబారి, ఆదామునుండి సొలొమోనుదాక స్త్రీలచే మోసపోయినవారిని లెక్కపెట్టి నిష్ఠురము లాడెను. పరీక్షలో తాను చేసిన తప్పునకు గూడ స్త్రీనే కారణము చేయుట, అంతటి మర్యాదస్థునకు, తగియుండలేదు. కాని ఆ మాట నతనిచే పలికించిన కవి దానిని సమర్థించెనని మాకు తోచదు.

తిరిగి వచ్చి కొలువులో నిలిచి గవేను తన మెడమీది గాటును, నడికట్టును అందరికి చూపి, జరిగినదంతయు తానే చెప్పెను. కొమ్ముగాని, అంగీగాని అతనిచేత చెప్పింపలేదు. ఇది నా పిరికితనమునకును, నా ఆశకును గుర్తు. బ్రతికినంతకాలము దీనిని ధరింతును అనెను. రాజు ఓదార్చెను. కొలువెల్ల గొల్లున నవ్వి, గుండ్రని బల్ల వీరులందరు ఇకమీదట గవేను గౌరవార్థము అట్టి ఆకుపచ్చ పట్టీ నొకటి భుజముమీదుగా ధరింపవలెనని నిశ్చయించిరి. గవేను నవ్వెనని మాత్రము కవి వ్రాయలేదు.